ఎండాకాలంలో 200 యూనిట్లు దాటే ఇంటికి సోలార్ అవసరమా?

పానగల్లు రోడ్డు, నల్లగొండ
గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఫ్రీ కరెంటు) వస్తున్న ఇల్లు. తొమ్మిది నెలలు 160–190 యూనిట్లలోనే ఉండి జీరో బిల్లు వస్తది. ఏప్రిల్, మే, జూన్‌ల మాత్రం 280 దాకా పోతది. ఏసీ లేదు. పాత ఫ్యాన్లు నాలుగు, కూలర్, ఫ్రిజ్, ఒకటిన్నర హెచ్‌పీ బోరు మోటరు. ఏజెంటు 3 కిలోవాట్లు పెట్టించుకోండి, 78 వేల సబ్సిడీ వస్తది అంటున్నడు. వాడకట్టోళ్లేమో ఫ్రీ కరెంటు ఉండంగ అప్పెందుకు అంటున్నరు. లెక్క తెలిసినోళ్లు చెప్పండి.

దేవరకొండ వైరింగ్
అన్నా, మీ వాడకట్టోళ్ల మాటే నిజం. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. 280కి లెక్క చూడండి: మొదటి 200కు 5.10 చొప్పున 1,020, మిగతా 80కి 7.70 చొప్పున 616. మిగతా చార్జీలతో 1,700 దాటుతది. మూడు నెలలకు ఐదు వేల పైచిలుకు, ఏడాది మొత్తానికి మీరు కట్టేది అంతే. 2 కిలోవాట్లకు 60 వేల సబ్సిడీ పోను చేతి నుంచి 70 వేలు పడ్డా, అవి తిరిగి రావడానికి పదమూడేళ్లు పడతది.

మీకు కావాల్సింది 80 యూనిట్లు తగ్గడం. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తాగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. నాలుగూ రోజుకు 14 గంటలు తిరిగితే తేడా రెండున్నర యూనిట్లు, నెలకు 75. పాత రెగ్యులేటర్‌ను తీసేసి వైరు డైరెక్టుగా కలపాలి, లేదంటే ఫ్యాను లోపలి బోర్డు పోవచ్చు. ట్యాంకు నిండి పొర్లేదాకా మోటరు నడిస్తే అరగంటకు అర యూనిట్ పైనే వృథా, ట్యాంకు నిండంగనే మోటరు ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టండి.

కొనేముందు మీటరుతోనే కొలవండి. మీటరు మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ (అంటే ఎర్ర లైటు 3200 సార్లు వెలుగుతది) అని ఉంటే, మిగతావన్నీ బంద్ చేసి ఒక్క ఫ్యాను నడిపి ఎర్ర లైటు చూడండి. నిమిషానికి నాలుగు సార్లు వెలిగితే 75 వాట్లు. ప్లగ్గులు కూడా తీసి అన్నీ బంద్ చేసినా లైటు వెలిగి ఆరుతుంటే ఎక్కడో లీకేజీ ఉండొచ్చు.

పాలమూరు రూఫ్‌టాప్
పై లెక్క ఒప్పే. కానీ గృహజ్యోతి లేని ఇల్లు ఏడాది పొడుగునా 300 వాడుతుంటే లెక్క తిరగబడతది. అక్కడ 2 కిలోవాట్లు రోజుకు సగటున 8 యూనిట్లు ఇస్తయ్. ప్యానెళ్లు ఇచ్చింది తీసేసి లెక్కగట్టే నెట్ మీటరులో బిల్లుకు 60 యూనిట్లే మిగిలితే నెలకు 1,600 దాకా ఆదా, నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తది. ఈ తేడా చెప్పకుండ అందరికీ 3 కిలోవాట్లు అంటగడితేనే జనానికి సోలార్ మీద నమ్మకం పోతది. మనం వాడంగ మిగిలి లైనుకు పోయే యూనిట్లకు డిస్కం (కరెంటు సంస్థ) ఇచ్చే ధర, మనం కొనే ధర కన్న బాగా తక్కువ.

సబ్సిడీ రావాలంటే దేశంలో తయారైన సెల్స్ ఉన్న డీసీఆర్ ప్యానెళ్లే ఉండాలి, కొటేషన్లో రాయించుకోండి. దక్షిణం దిక్కు, దాదాపు 17 డిగ్రీల వాలు. ట్యాంకు నీడ ఒక మూల పడ్డా ఆ వరుస మొత్తం దెబ్బతింటది. ఇన్వర్టర్ నుంచి ఇంటికొచ్చే ఏసీ కరెంటుకు, ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటుకు, పిడుగు రాడ్‌కు వేర్వేరుగా మూడు ఎర్తింగ్ గుంతలు అడగండి. మనకు కోతుల బాధ ఎక్కువ, ప్యానెల్ కింద వైరు వేలాడితే గుంజేస్తయ్, పైపులో వేయించాలి. తెల్లారగట్ల కడగాలి. మధ్యాహ్నం వేడి అద్దం మీద బోరు నీళ్లు పోస్తే తెల్ల మరకలు కట్టి పోవు, అద్దం పగలొచ్చు కూడా.

పానగల్లు రోడ్డు, నల్లగొండ
కరెంటు పోయినప్పుడు ప్యానెళ్లతో ఇల్లు నడుస్తదా? ఏజెంటు నడుస్తదన్నడు.

పాలమూరు రూఫ్‌టాప్
నడవదు. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండ, కరెంటు లైనుకు కలిపిన ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ వెంటనే ఆగిపోతది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితేనే నడుస్తది, దాని ఖర్చు వేరు.

దేవరకొండ వైరింగ్
ఇంకొకటి. ఇంట్ల వేడి తగ్గాలంటే డాబా మీద పాచి గీకి, కడిగి ఆరినాక, తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు మార్చిలోనే వేయించండి. సున్నం అయితే ఏటా వేయాలె. కూలర్ వెనుక కిటికీ, ఎదురుగా తలుపు తెరిచి ఉంచాలె, మూసి నడిపితే ఉక్క తప్ప చల్లదనం రాదు. జూన్ వానలు పడ్డంక గాలిలో తేమ ఎక్కువయితది, అప్పుడు కూలర్ పంపు బంద్ చేసి గాలి ఒక్కటే వాడండి.