వంతెన నడుమ పత్తా గుంజితే సామాన్లు ఏడికి పోతయి?

పాలమూరు_డీఎం
అందరికి నమస్తే. మొన్న ఆదివారం మా టేబుల్ మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటే లొల్లయింది, జర చెప్పుండ్రి. తలా ఒక క్యారెక్టర్ ఆడతరు, కథ నడిపే డీఎంను నేను. కథల కృష్ణ ఒడ్డు సోమశిల కాడికెళ్లి అవతలి సంగమేశ్వరం గుడికి అరవై అడుగుల ఎత్తుల తాళ్ల వంతెన పెట్టిన. ఎండకాలం, నీళ్లు తగ్గి గుడి బయటపడ్డది, లోపల నిధి. నడిమిట్లకు రాంగనే దొంగ క్యారెక్టర్ ఆడే పిలగాడు డెక్ ఆఫ్ మెనీ థింగ్స్, అంటే మంత్రాల పత్తాల కట్ట, తీసి ఒక ముక్క గుంజిండు. డాంజన్ అనే ముక్క పడ్డది. మనిషి మాయం. ఒంటి మీదియి, చేతులయి అన్నీ ఉన్నకాన్నే మిగులుతయని రూల్. పలకల సందులకెళ్లి నదిల పడ్డయన్న. వాడు డైస్ ఇసిరికొట్టి లేసిపోయిండు. తప్పు నాదా? రెండోది, వంతెన దాటుడంటే ఉత్త డైస్ ఏసుడే అయితుంది, భయం ఎట్ల పుట్టియ్యాలె? మూడోది, ముక్కలు మంచిగ ఎక్కడ ప్రింట్ చేస్తరు?

కొల్లాపూర్_పుట్టి
సోమశిల కాడ తాళ్ల వంతెన ఏందన్నా? మా తాత ఆడ చాపలు పట్టిండు. పుట్టి పెట్టు. వెదురు బద్దలతోని అల్లుతరు, అడుగుకు తారు పూస్తరు. గుండ్రంగ ఉంటది, ముందు ఎనక ఉండదు. చేతగానోడు తెడ్డేస్తే ఉన్నకాన్నే గిరగిర తిరుగుతది. నడుమ ఒకడు లేసి నిలవడ్డడనుకో, మిగిలినోళ్లకు దేవుడు యాదికొస్తడు. రెండో ప్రశ్నకు గిదే జవాబు.

నల్లగొండ_నియమావళి
మీ కట్టలో ముక్కలు ఎన్ని?

పాలమూరు_డీఎం
పదమూడు సార్. చిన్న కట్ట.

నల్లగొండ_నియమావళి
అయితే గొడవే లేదు, మీ దొంగ మాయం కాలేదు. 2014 నియమాల పుస్తకంలో మామూలు పేకముక్కలతో ఆడుకోవడానికి ఒక పట్టిక ఉంది. డాంజన్ అంటే ఇస్పేటు ఆసు. దాని పక్కన చుక్క గుర్తు ఉంటుంది. చుక్క ఉన్న తొమ్మిదీ 22 ముక్కల కట్టలోనే వస్తాయి, పదమూడులో ఉండవు. పన్నెండేళ్లుగా ఆట నడుపుతున్నాను, ఈ పొరపాటు చేయనివాణ్ణి ఇంతవరకు చూడలేదు.

పాలమూరు_డీఎం
చుక్క పెట్టిండ్రంటే ముఖ్యమైనయి అనుకున్న సార్. ఆ తొమ్మిది తీసి, ఇంకో నాలుగు కలిపి పదమూడు చేసిన.

అచ్చంపేట_ఆర్చర్
😂😂 మంచియి తక్కువ, ముంచేటియి ఎక్కువ. నీ టేబుల్ల బతికినోళ్లున్నరా అన్నా?

దేవరకొండ_అక్క
ఇస్పేటు ముచ్చట పక్కన పెట్టుండ్రి. నాకు టాలన్స్ పడ్డది, కళావరు ఆసు. అది గుడ చుక్క ముక్కనే. కింద పడ్డా ఈక తీరుగ దిగే ఉంగరం నా ఏలికి ఉన్నది. ఆ ధైర్యంతోనే వంతెన నడుమ నిలవడి, మూన్ ముక్క వస్తె కోరిక కోరుకుందామని గుంజిన. ఉంగరం, అంగీ, మంత్రకర్ర, మంత్రమున్న ప్రతి వస్తువు బూడిద. అటెన్కనే మా డీఎం గోబ్లిన్లతోని తాడు కోపిచ్చిండు. పది అడుగులకు ఒక డీ6, అంటే ఆరు మొఖాల పాచిక, లెక్కన ఆరు. 24 దెబ్బ వచ్చింది. నా మాంత్రికురాలికి ఉన్న ప్రాణమే 19. ఎనిమిది నెలలు ఆడిన ఆ క్యారెక్టర్ను. తాడు కోసుడు ముందే రాసుకున్నరా, నా ఉంగరం పోయినంక తట్టిందా అని ఇప్పటికీ అడుగుత, నవ్వుతడు తప్ప చెప్పడు.

వనపర్తి_వారియర్
అక్కా, గదే అన్యాయం. అది పక్కన పెడితే, పుట్టికి అక్రోబాటిక్స్ స్కిల్ అడగాలె, బ్యాలెన్స్ కదా.

అచ్చంపేట_ఆర్చర్
తెడ్డేసుడు బలం పని. అథ్లెటిక్స్.

నల్లగొండ_నియమావళి
రెండూ కావు. అది పడవ, జలవాహనాల ప్రొఫిషియెన్సీ, అంటే నడిపే నేర్పు, చూడాలి.

కొల్లాపూర్_పుట్టి
సార్, మీరెప్పుడన్న పుట్టి ఎక్కిండ్రా?

నల్లగొండ_నియమావళి
నాగార్జునసాగర్‌లో చాలాసార్లు వెళ్లాను.

కొల్లాపూర్_పుట్టి
అది లాంచి!! టికెట్ కొని కుర్చీల కూసోని పోయేది. పుట్టిల మోకాళ్లు ముడుసుకొని కూసోవాలె, పక్కోని దిక్కు గుడ మల్లొద్దు. తెడ్డు పట్టినోడు ఒక్కడే ఆడతడు, మిగిలినోళ్ల పని కదలకుండ ఉండుడే. దానికి ఏ స్కిల్ పెడ్తరు? పెడితే విజ్డమ్ సేవింగ్ త్రో పెట్టుండ్రి, భయం ఆపుకునేతందుకు.

నల్లగొండ_నియమావళి
ఇలా ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకుంటే నియమాల పుస్తకం ఎందుకు?

అచ్చంపేట_ఆర్చర్
సార్ కోపంల గుడ పేపర్ల రాసినట్టే రాస్తరు. ఏమన్న అనాలనిపిస్తలే.

షాద్‌నగర్_కిరాయి
మీకు నదుల బాధ, నాకు ఇంటి ఓనర్ బాధ. మేం 22 ముక్కలతోని, బజార్ల దొరికే పత్తాల కట్టతోనే ఆడతం. ఒక జోకర్ అంటే ఫూల్, పది వేల ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు పోతయి. మా దోస్తు "పది వేలు పోయినయ్‌రా" అని గట్టిగ అరిసిండు. ఎంటనే ఇంకోనికి డైమన్ రాజు, అంటే సన్, పడ్డది. "యాభై వేలు నాయే" అని వాడు ఎగిరిండు. కింద ఓనర్ ఇన్నడు. మూడుముక్కలాట నడుస్తుందని తలుపు కొట్టిండు. పైసలు లేవంకుల్, దెయ్యాలు, గుహలు అంటున్న, మంచం కింద గుడ చూసిండు. ఆఖరికి ఇరవై మొఖాల పాచిక చేతుల పట్టుకొని "దీంతోని ఎంత పోయింది?" అన్నడు. నెలాఖరుకు కాలీ చెయ్యమన్నడు.

దేవరకొండ_అక్క
అయ్యో తమ్మీ. మరి ఇప్పుడు ఏడ ఆడుతున్నరు?

షాద్‌నగర్_కిరాయి
దోస్తుగాని కోళ్ల ఫారం షెడ్ల అక్కా. వాసనకు అలవాటు పడ్డం.

వనపర్తి_వారియర్
వంతెన మీద భయం కావాల్నంటే స్కల్ ముక్క చాలు. యముని తీరు అవతారం పక్కనే దిగుతది, ముక్క తీసినోడు ఒక్కడే కొట్లాడాలె. సాయం పోయిన ప్రతోనికి ఇంకో అవతారం తయారు. ఇరుకు వంతెన, నలుగురు మనుషులు, నలుగురు యములు. మావోళ్లు దోస్తును ఇడిసిపెట్టి ఒడ్డుకురికిండ్రు. ఆ రాత్రి ఎవ్వరు ఎవ్వరితోని మాట్లాడలే. డైస్ కన్న గదే గట్టిగ తగిలింది.

నల్లగొండ_నియమావళి
ఇది ఒప్పుకుంటాను, బాగుంది. ఇంకోటి, ఎన్ని ముక్కలు తీస్తారో ముందే చెప్పాలి. మూడంటే మూడు. ఒకటి తీసి భయపడి ఆగినా, గంట దాటితే మిగిలినవి వాటంతట అవే ఎగిరొచ్చి ఒక్కసారే పనిచేస్తాయి. ఈ డెక్ 1975లోనే ఆటలోకి వచ్చింది, దీని వల్ల తెగిన స్నేహాలు కొత్తవి కావు. పుట్టి విషయంలో మాత్రం నా మాట మారదు.

కొల్లాపూర్_పుట్టి
మారకుంటే మానె. ఒకసారి సోమశిల రాండ్రి సార్, నేనే ఎక్కిస్త. లేసి నిలవడద్దు.

దొంగోడు_నేనే
లింక్ ఎవరో పంపితే సదివిన. అన్నా, నేను డైస్ ఇసిరికొట్టలే, చేతులకెళ్లి జారింది. అయినా డాంజన్ ఆ కట్టల ఉండేదే కాదట కదా. నా కత్తి నాకియ్యి.

పాలమూరు_డీఎం
ఇస్త తియ్యి. ఆదివారం రా, వంతెన నడుమకెళ్లే మల్ల మొదలువెడదం, పదమూడు సక్కగ ఏరిపెడుత. నీ డైస్ ఫ్రిజ్ కింద దొరికింది, ఒకటి అంకె మీదికి పడి ఉన్నది. ముక్కల ప్రింటింగ్ సంగతి ఒక్కరన్న చెప్పకపోతిరి.