ఐ చింగ్: మొదట పడిన హెక్సాగ్రామ్‌ను మీరు ఎలా చదువుతారు?

వెన్నెల_దారి: ఉద్యోగం మారాలా అని ఐ చింగ్‌ను, అంటే జోస్యానికి వాడే ప్రాచీన చైనా గ్రంథాన్ని, అడిగి మూడు నాణేలు ఆరుసార్లు వేశాను. బొమ్మకు 3, బొరుసుకు 2. వరసగా 7, 8, 8, 8, 9, 8 పడ్డాయి. బేసికి నిండు గీత, సరికి తెగిన గీత గీస్తే ఆరు గీతల ఆకృతుల్లో (హెక్సాగ్రామ్‌లలో) 4వది, మంగ్ వచ్చింది. 9 పడితే అది మారే గీత కదా, దాన్ని తెగిన గీతగా మార్చితే 23వది, బో. అంటే ఊడి రాలిపోవడం. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. జవాబు మొదట పడినదా, మారాక వచ్చినదా?

తాటాకు: ఒక్క మాట అడుగుతాను అండీ. మొదటి గీత పైన గీశారా, కింద గీశారా?

వెన్నెల_దారి: పైన. మామూలుగా రాసినట్టే కిందికి వచ్చాను.

తాటాకు: తేడా అక్కడే వచ్చింది. గీతలు కింది నుంచి పైకి పేర్చాలి. మీ అంకెలనే అలా పేర్చండి, 3వది జున్ వస్తుంది. మంగ్‌ను తలకిందులు చేస్తే వచ్చేది ఇదే. మారే గీత రెండోది కాదు, అయిదోది. అది మారితే 24వది, ఫూ, 'తిరిగి రావడం'. మొదట్లో నాకూ ఇదే పొరపాటు జరిగేది. ఇప్పుడు నాణేలు తీయకముందే నోట్‌బుక్‌లో కింద 1, పైన 6 అని పెన్సిల్‌తో రాసుకుంటాను.

రాతిగుట్ట: మీ అసలు ప్రశ్నకు వస్తాను. గ్రంథంలో ప్రతి హెక్సాగ్రామ్‌కూ ఒక ప్రధాన వాక్యం, ఒక్కో గీతకూ ఒక వాక్యం ఉంటాయి. 12వ శతాబ్దపు చైనా పండితుడు జు షీ చెప్పిన పద్ధతిలో ఒక్క గీతే మారితే మొదటి హెక్సాగ్రామ్‌లోని ఆ గీత వాక్యమే జవాబు. ఏ గీతా మారకపోతే దాని ప్రధాన వాక్యం. మూడు మారితే రెండింటి ప్రధాన వాక్యాలూ చూడాలి. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ మారితేనే బరువు రెండోదాని మీదికి పోతుంది. నేను ఏళ్లుగా ఇదే పాటిస్తున్నాను. చాలామంది మొదటిదాన్ని పైపైన చూసి రెండోదానికి పరుగెడతారు, అది నాకు బాధగా ఉంటుంది.

జున్ అంటే మొలక నేలను చీల్చుకుని రావడానికి పడే కష్టం. తొందరపడి బయలుదేరవద్దు, తోడు నిలిచేవాళ్లను కూడగట్టుకో అంటుంది. అయిదో గీత ఇంకా సూటిగా ఉంది: చిన్న పనుల్లో పట్టుదల మంచిది, పెద్దవాటిలో చేటు.

చెరువు_గట్టు: స్విస్ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ చదివిన తీరు నాకు నచ్చుతుంది. ఐ చింగ్ ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాస్తూ ఆ గ్రంథాన్నే దాని పరిస్థితి అడిగాడు. 50వది, డింగ్ పడింది, అంటే వంటపాత్ర. రెండు, మూడు గీతలు మారి 35 అయింది. ఆయన ముందు పాత్ర దగ్గరే ఆగి, అందులో ఏముంది, జనం దాన్ని వాడుతున్నారా అని గీత గీతకూ చూశాడు. 35 గురించి ఆ తర్వాతే. నేను మటుకు మొదటిదాన్ని ఇప్పటి స్థితిగా, రెండోదాన్ని అది సాగే దిక్కుగా తీసుకుంటాను.

రాతిగుట్ట: గీత వాక్యం బాగున్నా ప్రశ్న సరిగ్గా ఉండాలి. క్రీ.పూ. 530లో చైనాలోని లూ రాజ్యంలో నాన్ క్వాయ్ అనే ఆయన తిరుగుబాటు తలపెట్టి అడిగితే 2వది, కున్ పడి, అయిదో గీత మారింది. 'పసుపు కింది వస్త్రం, పరమ శుభం.' ఆయన పొంగిపోయాడు. నమ్మకంగా ఉండే పనికైతేనే ఇది ఫలిస్తుందని మరొకాయన హెచ్చరించాడు. తిరుగుబాటు ఓడిపోయింది.

వెన్నెల_దారి: చాలా థ్యాంక్స్ అండీ. నేను అడిగింది కూడా 'ఇక్కడి నుంచి ఎప్పుడు బయటపడతాను' అన్న కోపంతోనే. మళ్లీ వేయనా?

తాటాకు: ఇప్పుడే వద్దు. మీరు పొరపాటున చదివిన మంగ్‌లోనే ఉంది: మొదటిసారి అడిగితే చెబుతాను, రెండు మూడుసార్లు అడిగితే చెప్పను అని. ఈ వారం జున్ అయిదో గీతను దగ్గర పెట్టుకుని, కొత్త చోట మీకు తెలిసినవాళ్లు ఎవరున్నారో కనుక్కోండి.