నైటినాల్ వైర్ గుర్తుపెట్టుకున్న షేప్ మర్చిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

అందరికీ నమస్కారం, ఒక చిన్న మూత కరెంట్‌తో తెరుచుకునేలా చేద్దామని అర మిల్లీమీటర్ నైటినాల్ వైర్ (నికెల్, టైటానియం కలిపిన లోహం, సాగదీసినా వేడి చేస్తే ముందు సెట్ చేసిన షేప్‌కి తిరిగి వచ్చేస్తుంది) తీసుకుని స్ప్రింగ్ చేశా. వైర్‌ని ఒక బోల్ట్‌కి గట్టిగా చుట్టి, కదలకుండా బిగించి, సుమారు 500 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచి వెంటనే చల్లటి నీళ్లలో ముంచా. మొదట్లో అయితే అదిరిపోయింది, సాగదీసి వేడి నీళ్లలో వేస్తే టక్కున ముడుచుకుపోయేది, చూస్తూ కూర్చోవచ్చు అసలు!

కానీ కరెంట్ పెట్టి ఓ యాభై అరవై సార్లు నడిపాక పూర్తిగా ముడుచుకోవట్లేదు, కొంచెం సాగే ఉంటోంది. ఈ వైర్ 8 శాతం దాకా సాగినా వెనక్కి వస్తుందంటారు కదా, మరి మళ్లీ మళ్లీ వాడాలంటే 3, 4 శాతం దాటకూడదని కూడా చదివా, నేను ఎక్కువ లాగేశానా లేక కరెంట్ ఎక్కువై వేడెక్కి సెట్ చేసిన షేపే పోయిందా, ఈ రెండిట్లో ఏదో ఎలా కనిపెట్టాలి? మళ్లీ 500 దగ్గర కాలిస్తే బాగవుతుందా?

ఇంకోటి, నికెల్ 0.1 శాతం మారినా షేప్ మారే టెంపరేచర్ దాదాపు 10 డిగ్రీలు అటూ ఇటూ అవుతుందట, నా వైర్‌ది ఎంతో ఇంట్లో కొలిచే దారి ఉందా? సోల్డరింగ్ మాత్రం చెప్పకండి, అస్సలు అంటుకోలేదు, క్రింప్ చేసే (చిన్న లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి) వాడుతున్నా.