1996 నాటి ఫాంటమ్ సినిమాను ప్రేక్షకులు ఎందుకు ఆదరించలేదు?

పాతపుస్తకాల_పెట్టె (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. బొమ్మల కథల ముసుగు వీరుడు ఫాంటమ్ మీద, బిల్లీ జేన్ కథానాయకుడిగా 1996లో వచ్చిన సినిమాను చాలా ఏళ్ల తరువాత గత వారం మళ్లీ చూశాను. రాజమండ్రిలో మా మేనమామ గారి అటక మీద ఒక రేకు పెట్టె నిండా, ఫాంటమ్ బొమ్మల కథలు వేసే ఇంద్రజాల్ కామిక్స్ ఇంగ్లీషు సంచికలు ఉండేవి. వేసవి సెలవుల్లో వాటిని కిందికి దింపి, అర్థం కాని మాటలను బొమ్మల సాయంతో ఊహించుకుంటూ చదివేవాణ్ణి. ఇంగ్లీషు మీద నాకు భయం పోయింది ఆ పుస్తకాల వల్లనే. అందుచేత ఈ సినిమాను నేను పూర్తిగా నిష్పక్షపాతంగా చూడలేనేమోనన్న అనుమానం నాకూ ఉంది.

అయినా ఒక మాట అడగాలని ఉంది. సినిమా మొదలు కాగానే తెర మీద "ఆలస్యంగా వచ్చిన వారి కోసం" అనే అర్థం వచ్చే వాక్యం కనబడుతుంది. ఫాంటమ్ కథలు చదివిన వారికి ఆ వాక్యం ఎంత ఆత్మీయమో చెప్పనక్కరలేదు. ఆ తరువాత మొదటి ఫాంటమ్ కాబోయే పిల్లవాడి తండ్రిని సముద్రపు దొంగలు చంపడం, ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఆ పిల్లవాణ్ణి అడవి మనుషులు చేరదీయడం, అతడు ప్రమాణం చేయడం, అన్నీ కథలో ఉన్నట్టే వచ్చాయి. ఊదా రంగు దుస్తులను మార్చలేదు, గుర్రాన్ని, తోడేలును, పుర్రె గుహను వదలలేదు. ఇంత నమ్మకంగా తీసిన సినిమాకు దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు ఖర్చయితే, అమెరికాలో వచ్చినది కోటీ డెబ్బై లక్షల చిల్లర మాత్రమే. జేన్ మరి రెండు భాగాలకు ఒప్పుకొని ఉన్నా అవి రానే లేదు. లోపం సినిమాలో ఉందా, అది వచ్చిన కాలంలో ఉందా? ఆ రోజుల్లో థియేటరులో చూసినవారు ఎవరైనా ఉంటే వారి అనుభవం కూడా తెలుసుకోవాలని కోరిక.

---

చిత్రచరిత్ర_విద్యార్థి:

మంచి ప్రశ్న వేశారు. దీనికి సమాధానం 1996లో కాక 1989లో మొదలవుతుందని నా అభిప్రాయం.

1989లో బ్యాట్‌మన్ సినిమా అమెరికాలోనే 25 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. దానిని చూసిన నిర్మాణ సంస్థలు, ముసుగు వీరుణ్ణీ 1930ల నాటి వాతావరణాన్నీ కలిపితే జనం వస్తారని తీర్మానించుకున్నట్టు కనిపిస్తుంది. 1990లో డిక్ ట్రేసీ, 1991లో రాకెటీర్, 1994లో షాడో, 1996లో ఫాంటమ్ వరుసగా వచ్చాయి. డిక్ ట్రేసీ ఒక్కటే పది కోట్ల గీత దాటింది. రాకెటీర్ అందులో సగానికి కూడా చేరలేదు, షాడో మూడు కోట్ల చిల్లర దగ్గర ఆగిపోయింది.

ఇక్కడ వారు గమనించని సంగతి ఒకటుంది. బ్యాట్‌మన్ పుట్టింది 1939లోనే అయినా, అతడు పుస్తకాల అంగళ్ల నుంచి ఒక్క నెల కూడా మాయం కాలేదు, 1966లో టీవీలోకి కూడా వచ్చి పిల్లలందరికీ పరిచయమయ్యాడు. షాడో సంగతి అలాంటిది కాదు. చవక కాగితం మీద అచ్చయ్యే పల్ప్ పత్రికల్లో 1931లో మొదలై 1949 దాకా, రేడియోలో 1954 దాకా వెలిగి, ఆ రెండూ ఆగిపోయాక అతడు ముసలివారి జ్ఞాపకంగా మిగిలాడు. వాల్టర్ గిబ్సన్ ఒక్కడే మాక్స్‌వెల్ గ్రాంట్ అనే కలం పేరుతో 282 షాడో నవలలు రాశాడంటే ఒకప్పుడు ఆ పాత్రకు ఎంత గిరాకీ ఉండేదో ఊహించవచ్చు. కానీ 1994లో టికెట్టు కొనే పదిహేనేళ్ల కుర్రవాడికి ఆ నవలల ఉనికే తెలియదు. బ్యాట్‌మన్ మొట్టమొదటి కథకు ఆధారం ఒక షాడో నవల అన్న సంగతి కూడా తెలియని ఆ కుర్రవాడు, షాడో సినిమా చూసి ఇది బ్యాట్‌మన్‌కు అనుకరణ అనుకున్నాడు. తాతను చూసి మనవడి పోలికలు వచ్చాయనడం వంటిదే ఇది.

ఫాంటమ్ పల్ప్ పత్రికల బిడ్డ కాకపోయినా ఆ కాలపు బిడ్డే. లీ ఫాక్ అతణ్ణి 1936 ఫిబ్రవరిలో దినపత్రికల బొమ్మల కథగా మొదలుపెట్టాడు. ఒంటికి అతుక్కుపోయే దుస్తులు, కనుపాపలు కనబడని ముసుగు సూపర్‌మన్ కంటే రెండేళ్లు ముందే ఫాంటమ్ ధరించాడు. కానీ అమెరికాలో అతడు ఎక్కువగా దినపత్రికలో రోజుకు మూడు నాలుగు గడుల మేర కనిపించే మనిషిగానే ఉండిపోయాడు. అతణ్ణి నెత్తిన పెట్టుకున్న దేశాలు వేరు: స్వీడన్, ఆస్ట్రేలియా, మన దేశం. దర్శకుడు సైమన్ విన్సర్ ఆస్ట్రేలియా దేశస్థుడు. జేన్‌కు ఈ కథలు పరిచయమైనదీ ఒక సినిమా పని మీద ఆస్ట్రేలియా వెళ్లినప్పుడే. రబ్బరు కండరాలు అతికించిన కవచం తొడుక్కోకుండా నెలల తరబడి వ్యాయామం చేసి ఆ శరీరాన్ని తెచ్చుకున్నాడు. అంటే ఈ సినిమాను ప్రేమించి తీసినవారు ఒక చోట ఉన్నారు, దాని గెలుపోటములు తేల్చే ప్రేక్షకులు మరొక చోట ఉన్నారు.

స్వరం గురించి కూడా చెప్పాలి. జెఫ్రీ బోమ్ రాసిన ఈ కథను మొదట జో డాంటే తీయవలసి ఉంది. అప్పట్లో దీన్ని కొంత పరిహాసంగా ఊహించుకున్నారనీ, చేతులు మారాక అదే రచనను గంభీరంగా తీశారనీ డాంటే తరువాత చెప్పాడు. ఆ అతుకు అక్కడక్కడా కనిపిస్తుంది. ట్రీట్ విలియమ్స్ వేసిన విలన్ డ్రాక్స్ నవ్వుతూ నవ్వుతూ ఒక పెద్దమనిషిని సూక్ష్మదర్శినిలోకి చూడమంటాడు, చూడగానే అందులోంచి కత్తులు పొడుచుకొస్తాయి. ఆ పాత్ర పరిహాసపు రచనలోంచి నేరుగా నడిచి వచ్చినట్టుంటుంది. జేన్ మాత్రం ప్రతి మాటనూ మనసారా నమ్మి పలుకుతాడు. నాకు జేన్ పద్ధతే నచ్చింది. సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కూడా ఈ సినిమా రూపకల్పనను మెచ్చుకొని మూడున్నర నక్షత్రాలు ఇచ్చాడు. ఆ ఏడాది మామూలు ప్రేక్షకుడికి మాత్రం ఇది నవ్వడానికి తీశారో, నమ్మడానికి తీశారో అంతుపట్టలేదు.

1930ల వాతావరణమే జనానికి గిట్టదని మాత్రం అనుకోవద్దు. రాకెటీర్ తీసిన జో జాన్‌స్టనే 2011లో మొదటి కెప్టెన్ అమెరికా సినిమాను దాదాపు అదే ధోరణిలో తీసి మెప్పించాడు. అప్పటికి ప్రేక్షకులకు ఆ వీరుడు ఎవరో, అతడి కథ ఏ పెద్ద కథలోకి చేరబోతోందో ముందే తెలుసు.

---

డాలస్_గోదారి:

నేను థియేటరులోనే చూశాను కాబట్టి నా అనుభవం చెబుతాను. అప్పుడు టెక్సాస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. 1996 జూన్ 7న ఫాంటమ్ విడుదలైంది, ది రాక్ అనే సినిమా కూడా అదే రోజు విడుదలైంది. మా పక్క హాలు ముందు వరుస గోడ మలుపు దాకా ఉంటే, మా హాలులో మాతో కలిపి పాతికమంది కూడా లేరు. దానికి పక్షం రోజుల ముందే మిషన్ ఇంపాజిబుల్ వచ్చి ఉంది, ట్విస్టర్ ఇంకా ఆడుతూనే ఉంది.

మేము ముగ్గురం తెలుగువాళ్లం, మాతో ఒక అమెరికన్ సహవిద్యార్థి వచ్చాడు. తాళ్ల వంతెన తెగిపోతుండగా లారీలో కట్టేసి వదిలిన కుర్రవాణ్ణి ఫాంటమ్ కాపాడే ఘట్టంలో మా ముగ్గురికీ తెలియకుండానే చప్పట్లు వచ్చేశాయి. విమానంలో ఇంధనం అయిపోయి, కింద పరుగెత్తుతున్న గుర్రం మీదికి ఫాంటమూ కథానాయిక డయానా దిగే చోట నేను కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను. మా మిత్రుడు మాత్రం మర్యాదగా కూర్చున్నాడు. బయటికి వచ్చాక అతడు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: ఇంతకీ ఇతనికి ఉన్న శక్తి ఏమిటి?

శక్తులేమీ లేవనీ, నాలుగు వందల ఏళ్లుగా తండ్రి తరువాత కొడుకు అదే ముసుగు వేసుకుంటారనీ, అందరూ ఒకే మనిషి అనుకొని చావు లేనివాడని భయపడతారనీ, ఇతడు ఇరవై ఒకటో వాడనీ, కారు పార్కింగులో నిలబడి వివరించాను. అతడు నిజంగా ఆశ్చర్యపోయి, అది చాలా గొప్ప ఊహ అన్నాడు. సినిమా ఆ సంగతి మొదటి నిమిషాల్లోనే చెబుతుంది, కానీ త్వరగా చెప్పేసి మూడు మాయ పుర్రెల వేటలో పడిపోతుంది. వెండి పుర్రె, బంగారు పుర్రె, పచ్చరాతి పుర్రె కలిస్తే వచ్చే వెలుగు చూసినవాడికి ఆ వెలుగే అసలు శక్తి అనిపిస్తుంది. మనకు ఒళ్లు గగుర్పొడిచేది పూర్వీకుల సమాధుల నడుమ కూర్చొని తండ్రులు రాసిపెట్టిన దినచర్యలు తిరగేసే మనిషిని చూసినప్పుడు. ఆ మనిషికి సినిమాలో దక్కిన చోటు బాగా తక్కువ.

---

కృష్ణాతీరం:

పైవారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే మన అభిమానం చాటున ఒక విషయం మరుగున పడకూడదు. తరతరాలుగా ఒక తెల్లజాతి కుటుంబం అడవి జాతుల మీద ధర్మకర్తగా సింహాసనం మీద కూర్చోవడం, ఆ జాతుల వారు అతణ్ణి దేవుడిలా చూడడం 1936లో ఎవరికీ తప్పుగా తోచలేదు. 1996 నాటికి అమెరికాలో కూడా కొందరికి అది ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. నాకు మాత్రం ఇప్పుడు చూస్తే కష్టంగానే ఉంటుంది.

మూలకథలో ఫాంటమ్ ఉండే దేశం పేరు బెంగాలుకు దగ్గరగా ఉంటుంది, సముద్రపు దొంగల ముఠా పేరు సింగ్. మన దేశంలో 1964 మార్చిలో ఇంద్రజాల్ మొదలుపెట్టిన టైమ్స్ ఆఫ్ ఇండియా వారు ఆ దేశాన్ని డెంకాలీగా, సింగ్‌ను సింగాగా, ఇరవయ్యో ఫాంటమ్‌ను చంపిన రామాను రామలుగా మార్చారు. మన పేర్లు పెట్టుకున్న దొంగలను ఒక పరదేశి వీరుడు తన్నుతుంటే మన పిల్లలు చప్పట్లు కొట్టడం బాగుండదని ఆ సంపాదకులకు తోచింది. సినిమా వారు కూడా సింగ్‌ను అక్షరం మార్చి సెంగ్ చేశారు. మనం చదివిన ఫాంటమ్ అప్పటికే కొంత కడిగి మనకు అందించిన ఫాంటమ్ అన్నది గుర్తుపెట్టుకుంటే, సినిమా మనకు ఎందుకు అంత సులువుగా నచ్చిందో కూడా తెలుస్తుంది.

---

పాతపుస్తకాల_పెట్టె:

అందరికీ ధన్యవాదాలు. కృష్ణాతీరం గారూ, పేర్ల మార్పు సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. మా మేనమామ గారి పెట్టెలో డెంకాలీ అనే చదివాను, సినిమాలో బెంగల్లా అని విన్నప్పుడు సినిమా వాళ్లే మార్చేశారని పొరపడ్డాను. మీరన్న ఇబ్బంది నిజమైనదే. పిల్లలకు ఈ పుస్తకాలు ఇచ్చేటప్పుడు ఆ మాట కూడా చెప్పి ఇస్తాను.

డాలస్ గారు చెప్పిన దాని మీద ఒక సందేహం. వారసత్వం అనే ఊహకు సినిమా నిజంగా అంత తక్కువ చోటు ఇచ్చిందా? చనిపోయిన తండ్రి కనిపించి కొడుకుతో మాట్లాడే ఘట్టాలు ఉన్నాయి కదా. ప్యాట్రిక్ మెక్‌గూహన్ ఆ నాలుగు మాటల్లోనే తండ్రి గాంభీర్యాన్నీ చనువునూ పలికించాడనిపించింది.

---

ఆబిడ్స్_ఆదివారం:

ఆలస్యంగా వస్తున్నాను, క్షమించండి. నేను హైదరాబాదులో ఆబిడ్స్ కాలిబాట మీద ఆదివారాలు పాత ఇంద్రజాల్ సంచికలు ఏరుకునేవాణ్ణి, ఇప్పటికీ దొరికితే కొంటాను. మీ సందేహానికి జవాబు ఆ సంచికల్లోనే ఉంది.

ఇంద్రజాల్ మొట్టమొదటి సంచిక ఫాంటమ్ బెల్టు కథ. తండ్రిని నమ్మించి చంపినవాడు ఆయన తుపాకుల బెల్టును ఎత్తుకుపోతాడు, ఆ బెల్టు జాడను బట్టి కొడుకు హంతకుణ్ణి చేరుకుంటాడు. ఇప్పుడు సినిమాలో క్విల్ నడుమును గమనించండి. డ్రాక్స్ దగ్గర పనిచేసే ఆ ముఠా మనిషి పెట్టుకున్నది ఇరవయ్యో ఫాంటమ్ బెల్టు. తాను ఒకసారి చంపిన మనిషి మళ్లీ ఎదుట నిలబడితే అతడి ముఖం ఎలా మారుతుందో చూడండి. డాలస్ గారు పార్కింగులో మిత్రుడికి వివరించిన చావు లేని మనిషి అన్న ఊహ అంతా ఆ ఒక్క ముఖంలో ఉంది. పుర్రెల వెలుగుల కంటే అదే ఈ సినిమాకు ప్రాణం. దాన్ని సహాయ విలన్‌కు అప్పగించి, ప్రధాన విలన్‌కు మాయ పుర్రెలు ఇవ్వడమే రచనలో జరిగిన పొరపాటు అని నేను అనుకుంటాను. తండ్రిని చంపినవాడే అసలు శత్రువై ఉంటే, ఫాంటమ్ పేరు ఎన్నడూ విననివాడికి కూడా కథ పట్టు చిక్కేది.

వీడియో క్యాసెట్లు, డీవీడీల కాలంలో ఈ సినిమాకు నెమ్మదిగా అభిమానులు ఏర్పడిన మాట కూడా నిజం. మళ్లీ మళ్లీ చూసేవారికి బెల్టు కనబడుతుంది. ఆ మొదటి సంచిక నా దగ్గర ఉంది, అట్ట కొద్దిగా చిరిగింది గానీ లోపలి పుటలన్నీ ఉన్నాయి. హైదరాబాదు వచ్చినప్పుడు చెప్పండి, చదివి ఇద్దురు గాని.