ఓమ్నీకి పాత గేర్ బాక్స్ తెచ్చి వేయించాలా, ఉన్నదే విప్పించాలా?

కందుకూరు వ్యాన్:
మాది 2006 మోడల్ మారుతి ఓమ్నీ, నాలుగు గేర్లది. మొన్న శనివారం మాలకొండ ఎక్కుతుంటే సెకండ్ గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌కి వచ్చేసింది. వెనక అమ్మ, పిల్లలు. గేర్ రాడ్డు చేత్తో అదిమిపట్టుకుని పైకి చేర్చాను. మా మెకానిక్ చెన్నైలో పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుప్పేట నుంచి పాత బాక్సు తెప్పించి ఒక్క రోజులో వేసిస్తానంటున్నాడు. ఇంకొకాయన ఉన్నదే విప్పి చేద్దామంటున్నాడు. ఏది మేలు?

కావలి డ్రైవర్:
పాతది వేయించెయ్ అన్నా. ఇప్పుడున్న నా రెండు బండ్లకీ అదే చేశాను. పొద్దున దించితే సాయంత్రానికి రోడ్డెక్కుతుంది.

ఉలవపాడు మామిడి:
ఆగండి. గేరు పడేటప్పుడు గరగరమంటోందా, పడ్డాక ఊడుతోందా? గరగరమంటే సింక్రో రింగు, అంటే గేర్ల వేగం కలిపే ఇత్తడి రింగు, అరిగినట్టు. పడ్డాక ఊడుతోందంటే గేరు పక్కనుండే చిన్న పళ్లు గుండ్రమయ్యుండాలి, లేదా లోపల గేరు మార్చే ఫోర్కు అరిగుండాలి, లేదా లోపలి రాడ్డుని పట్టి ఉంచే బాల్ వెనక స్ప్రింగు బలం పోయుండాలి. ఒట్టి స్ప్రింగే అయితే దానికోసం బాక్సు మారుస్తారా? విప్పితే తెలిసిపోతుంది.

కావలి డ్రైవర్:
విప్పితే తెలుస్తుంది, నిజమే. మళ్లీ ఎప్పుడు బిగిస్తారో అది తెలియదు.

గూడూరు నిమ్మ:
ఏది చేసినా క్లచ్ ప్లేట్, క్లచ్ తొక్కితే ప్లేటుని వదిలించే రిలీజ్ బేరింగ్ కొత్తవి వేయించు.

కావలి డ్రైవర్:
ప్లేటు మందం బాగుంటే ఎందుకు మార్చాలి? నేను మార్చలేదు. ఏం కాలేదు.

ఉలవపాడు మామిడి:
బేరింగు పోతే మళ్లీ బాక్సు దించాలి, మళ్లీ కూలి. వచ్చే బాక్సు షాఫ్టు మీది గాట్లు మీ ప్లేటులో కూర్చుంటాయో లేదో కూడా చూసుకోవాలి.

కావలి డ్రైవర్:
ఓమ్నీకి ఓమ్నీ బాక్సే తెస్తారు కదా, ఎందుకు కూర్చోదు?

ఉలవపాడు మామిడి:
స్క్రాప్ షాపువాడు ఏది ఓమ్నీదంటే అది నమ్మేస్తావా?

నెల్లూరు పెన్న:
ఆయన గేర్ బాక్స్ గురించి అడిగితే మీరు క్లచ్ ప్లేట్ దగ్గరే ఆగిపోయారు.

ఉలవపాడు మామిడి:
కావలి ఆయన పాత సామాన్లు అమ్ముకునేవాడిలా మాట్లాడుతున్నాడు, అందుకే.

కావలి డ్రైవర్:
నేను అమ్ముకునేవాణ్ణి కాదు. బండి తోలుకుని బతికేవాణ్ణి. నా మొదటి బండికి బాక్సు విప్పించాను. రెండు రోజులన్నారు, ఇరవై మూడు రోజులు పట్టింది. రోజూ షెడ్డుకి వెళ్లేవాణ్ణి. గేర్లు ఒక ట్రేలో, నట్లు ఒక డబ్బాలో, పైన గోనెపట్టా కప్పి ఉండేవి. సామాను రాలేదనేవాడు. జూన్‌లో స్కూలు పిల్లల ట్రిప్పులన్నీ వేరేవాళ్లకి పోయాయి, మళ్లీ నా దగ్గరికి రాలేదు. కిస్తీ మాత్రం ఆగలేదు. విప్పించుకోండి అని తేలిగ్గా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఉలవపాడు మామిడి:
ఆ మాట అనకుండా ఉండాల్సింది, తప్పు నాది. నా సంగతి విను. 2021 నవంబరు వరదల తర్వాత ఒక పాత బాక్సు కొన్నాను. చూడ్డానికి శుభ్రంగా ఉంది. నెలన్నరకి సింగరాయకొండ దాటాక హైవే మీద కుయ్యిమని ఒకే శబ్దం, వెనక చక్రాలు పట్టేశాయి. క్లచ్ తొక్కినా వదల్లేదు. వెనక లారీ పక్కకి కోసుకుపోయింది. బండిలో నా భార్య, ఎనిమిదో నెల. తర్వాత బాక్సు విప్పితే ఆయిలు పాలు కలిపిన టీలా ఉంది. నీళ్లలో మునిగిన బాక్సు. బేరింగులన్నీ తుప్పు. అమ్మినవాడు పాత సామానుకి గ్యారంటీ ఉండదన్నాడు. లోపల ఏముందో తెలియని బాక్సు మీద మనుషుల్ని కూర్చోబెట్టి తోలడం ఇక నావల్ల కాదు. బండి నెల రోజులు షెడ్డులో ఉన్నా సరే.

కావలి డ్రైవర్:
అన్నా, ఇది మొదటే చెప్పాల్సింది. నువ్వు క్లచ్ ప్లేట్ అంటుంటే ఊరికే అడ్డం మాట్లాడుతున్నావనుకున్నాను. నేను కొనేటప్పుడు ఆయిలు నట్టు తీయించి వేలితో చూస్తాను. పసుప్పచ్చగా మెరిస్తే రింగులు అరిగినట్టు, ఇనుప పొరలొస్తే వదిలేస్తాను. షాఫ్టు చేత్తో ఊపి, నాలుగు గేర్లూ వేసి తిప్పి చూస్తాను. అయినా నెల రోజులు షెడ్డులో ఉంచే స్తోమత నాకు లేదు. నువ్వు ఉంచగలవు. అంతే తేడా.

కందుకూరు వ్యాన్:
మా బండి వారానికి రెండుసార్లు బయటికెళ్తుంది. అందుకే విప్పించాను. స్ప్రింగు బాగానే ఉంది. ఫోర్కు ఒకవైపు అరిగింది, సెకండ్ గేరు చిన్న పళ్లు గుండ్రమైపోయాయి. కొత్త గేరు మా ఊళ్లో దొరకలేదు. ఇప్పుడు మెకానిక్ ఒక పాత బాక్సు కొని అందులోంచి గేరు తీస్తానంటున్నాడు.

కావలి డ్రైవర్:
కొనే పనైతే ఆ బాక్సునే ఎక్కించొచ్చు కదా?

ఉలవపాడు మామిడి:
ముందు దాన్ని కూడా విప్పి నీ కళ్లముందే చూపించమను. బేరింగులు బాగుంటే అప్పుడు ఎక్కించు, నేను కాదనను.