నల్ల గొర్రెల ఉన్ని మూడు గోతాలు పడి ఉంది, ఏం చేయాలి?

రాపూరు నిమ్మతోట:

అందరికీ నమస్కారం. మాది రాపూరు మండలం. ఎనభై నిమ్మచెట్లు, ఒక చిన్న మంద ఉన్నాయి. మొదటినుంచీ మా దగ్గర ఉన్నవి మన నెల్లూరు గొర్రెలే. పల్ల, జోడిపి, దొర మూడు రకాలూ ఉన్నాయి. వాటి ఒంటిమీద ఉండేవి పొట్టి వెంట్రుకలే కాబట్టి కత్తెరతో పని ఎప్పుడూ పడలేదు. రెండేళ్ల కిందట మా నాయన కర్నూలు వైపు నుంచి ముప్పై నల్ల గొర్రెలు తెచ్చాడు. వాటికి ఉన్ని వస్తుంది. కత్తిరించకపోతే వానలకు తడిసి, పిడుదులు పట్టి అవి పడే బాధ చూడలేం. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తున్నాం. కత్తిరించే మనిషిని దూరం నుంచి పిలిపించుకోవాలి, కూలి ఇవ్వాలి. ఉన్ని మాత్రం ఎవరూ అడగరు.

మొదటి కోత ఉన్నిని దిబ్బలో వేశాం. ఎనిమిది నెలల తర్వాత ఎరువు తోలేటప్పుడు చూస్తే ముద్దలు ముద్దలుగా అలాగే ఉంది. ఆ ఎరువు తోలిన చేలో రోటావేటర్ దించగానే ఇరుసుకు చుట్టుకుపోయింది. నేనూ డ్రైవరూ కొడవలితో కోసి లాగడానికి ఒక పూట పట్టింది. రెండో కోతది కాల్చబోతే సరిగా అంటుకోలేదు. వీధంతా వెంట్రుకలు కాలిన కంపు వచ్చేసరికి, ఇక ఆ పని చేయొద్దని మా అమ్మ గట్టిగా చెప్పింది.

ఆ తర్వాత కోసినదంతా మూడు గోతాల్లో కొట్టంలో ఉంది. మూగజీవాల ఒంటిమీద పెరిగింది పారేయాలంటే నాకు మనసొప్పడం లేదు. నిమ్మ పాదుల్లో వేయొచ్చా? వేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కనిగిరి జీవాలు:

వేయొచ్చు తమ్ముడూ. నేను మూడేళ్లుగా మా బత్తాయి, నిమ్మ చెట్లకు వేస్తున్నాను. నీ దిబ్బలో ఎందుకు మురగలేదో ముందు చెబుతాను, అది తెలిస్తే మిగతాది నీకే అర్థమవుతుంది.

ఉన్ని అయినా, మన వెంట్రుక అయినా, గోరైనా, కొమ్మైనా ఒకటే పదార్థం, కెరాటిన్. త్వరగా చివికేది కాదు. పైగా కోసిన ఉన్నికి జిడ్డు ఉంటుంది. ఆ జిడ్డు నీళ్లను జారగొడుతుంది. దిబ్బలో ముద్దగా వేస్తే పైపైన తడుస్తుంది, లోపల పొడిగానే ఉంటుంది. తడి లేనిచోట సూక్ష్మజీవులు పని చేయవు. నీ ముద్దను చీల్చి చూసుంటే లోపలంతా పొడిగా కనబడి ఉండేది. కాలకపోవడం కూడా దాని గుణమే. దూదిలా మంట అందుకోదు, నిప్పు తీసేస్తే తనే ఆరిపోతుంది.

నేను చేసే పద్ధతి ఇది. ఉన్నిని చేత్తో విడదీసి, గాబులో పేడనీళ్లు పోసి రెండు రోజులు నానబెడతాను. పైకి తేలుతుంది కాబట్టి మీద రాయి పెట్టాలి. తీసి పాదులో రెండు వేళ్ల మందాన పరిచి, పైన మట్టి కప్పుతాను. ఈ మట్టి మాత్రం మరవకు. మొదటి ఏడాది నేను కప్పలేదు. వాసనకు కుక్కలు వచ్చి లాగేశాయి, మిగిలింది గాలికి కంచెకు పట్టుకుంది, కొంత పిట్టలు గూళ్లకు ఎత్తుకెళ్లాయి. డ్రిప్ పైపు ఉన్ని కిందకు వచ్చేలా చూసుకో. చెట్టు మొదలుకు మూరెడు దూరం వదిలెయ్. మొదలు దగ్గర ఎప్పుడూ తడి ఉంటే నిమ్మకు బంక తెగులు వస్తుంది, నాకు ఒక చెట్టు అలాగే పోయింది.

లాభం రెండు రకాలు. ఒకటి తేమ. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఉన్ని చేతికి తడిగా తగలదు. మా ఎర్ర గరప నేలలో ఎండాకాలం రెండు రోజులకు ఒకసారి పెట్టే నీళ్లు, ఉన్ని వేసిన చెట్లకు మూడో రోజో నాలుగో రోజో పెడితే సరిపోతోంది. రెండోది నత్రజని. కడగని ఉన్నిలో నూటికి పది పాళ్ల దాకా ఉంటుంది. చెట్టుకు రెండు కిలోలు వేస్తే సుమారు నాలుగు వందల గ్రాముల యూరియాలో ఉన్నంత నత్రజని అన్నమాట. కాకపోతే యూరియా నాలుగు రోజుల్లో పని చూపిస్తుంది, ఇది ఏడాదికి పైగా కొంచెం కొంచెంగా ఇస్తుంది. గంధకం కూడా ఉంది. భాస్వరం లేనట్టే, దానికి వేరే ఎరువు వేసుకోవాల్సిందే.

నీ మూడు గోతాలు తూస్తే పదిహేను, ఇరవై కిలోలకు మించవు. ఎనభై చెట్లకూ చల్లితే దేనికీ చాలదు. ఎనిమిదో పదో చెట్లు ఎంచుకుని సరిగా వెయ్.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. పిడుదుల మందు కొట్టిన కొత్తలో కోసిన ఉన్ని తోటలోకి తేవద్దు. ఉన్నట్టుండి చచ్చిన జీవం బొచ్చు ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) క్రిములు ఉన్నిలోనూ తోలులోనూ ఏళ్ల తరబడి బతికుంటాయి, మనుషులకూ అంటుకుంటాయి. దూడలు, గొర్రెపిల్లలు పాదుల దగ్గర ఉన్ని నమలకుండా చూసుకో. కడుపులో ఉండ కట్టి ప్రాణం మీదికి వస్తుంది.

కావలి మిద్దెతోట:

అన్నా, మా పిల్లల పాత స్వెటర్లు, అల్లగా మిగిలిన ఊలు ఉండలు ఒక సంచి నిండా ఉన్నాయి. వాటిని ఇలాగే కుండీల్లో వేయొచ్చా?

కనిగిరి జీవాలు:

అమ్మా, ముందు ఒక పోగు కాల్చి చూడండి. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిద పొడి అవుతుంది. కరిగి గట్టి పూసలా మిగిలితే అది యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ దారం. మన ఊళ్లలో ఊలు అని అమ్మేది ఎక్కువగా అదే. అది మట్టిలో కలవదు, వేయకండి.

ఒంగోలు నుంచి:

మా అమ్మగారి పుట్టిల్లు అనంతపురం వైపు, వాళ్లింట గొంగళ్లు నేసేవాళ్లు. చింతగింజల గంజి పెట్టి పోగు బిగించడం చిన్నప్పుడు చూశాను. వానకు తడిసినా ఆ గొంగడి కింద వెచ్చగా ఉండేది. నల్ల ఉన్ని ముతకది, స్వెటర్లకు పనికిరాదు కాబట్టి మిల్లులవాళ్లు కొనరు. పానిపట్‌లో పాత ఉన్ని బట్టలను చీల్చి మళ్లీ నూలు తీసి దుప్పట్లు నేస్తారు. 1813లో ఇంగ్లండ్‌లోని బాట్లీ ఊళ్లో బెంజమిన్ లా అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి అది. అక్కడి తుక్కు కూడా వృథా పోలేదు, ఆ యార్క్‌షైర్ ప్రాంతపు రైతులు రూబార్బ్ అనే పుల్లటి కాడల పంట తోటలకు ఎరువుగా వేసుకున్నారు. మీ మూడు గోతాల కోసం అంత దూరం ఎవరూ రారు గానీ, మొత్తం తోటకే పోయకండి.

ఒక గోతం పక్కన పెట్టి గోరువెచ్చని కుంకుడు నీళ్లలో రెండు వాయిలు ఉతకండి. పిండి, నీడన ఆరబెట్టి, వేపాకు కలిపి పాత చీరలో మెత్తలా కుట్టించండి. పెద్ద వెదురు గంపలో అడుగున, చుట్టూ ఆ మెత్త పరిచి అన్నం గిన్నె పెట్టి మూత మీద ఇంకొకటి కప్పితే, పొద్దున ఆరింటికి దించిన అన్నం కూలీలు తినే పదకొండింటికి కూడా వెచ్చగా ఉంటుంది. మా ఇంట్లో ఆ గంప ఇప్పటికీ వాడుతున్నాం. ఉతికిన నీళ్లు చెరువులో పోయకండి, జీవాలు తాగుతాయి. కొబ్బరిచెట్టు మొదట్లో పోస్తే ఆ చెమట జిడ్డులోని పొటాష్ చెట్టుకు అందుతుంది.

రాపూరు నిమ్మతోట:

అన్నా, అక్కా, చాలా సంతోషం. ఇందాకే ఒక ముద్ద చీల్చి చూశాను, లోపల నిజంగానే పొడిగా ఉంది. రెండు గోతాలు తోటకు, ఒకటి అమ్మకు. తూర్పు వరుసలో ఎనిమిది చెట్లకు వేసి, పక్క వరుసలో ఎనిమిదింటిని అలాగే వదిలేస్తాను. రెండు వరుసలకూ నీళ్లు పెట్టిన తేదీలు నోట్‌బుక్‌లో రాసి, రోహిణీ కార్తె దాటాక ఇక్కడే పెడతాను. కుడితి గాబు కడిగి పేడనీళ్లు కలిపాను. రాయి కూడా పెట్టాను.