యూఎస్‌బీ డీబగ్ కన్సోల్: వర్చువల్ మెషీన్‌లో పరీక్షిస్తే సరిపోతుందా?

కెర్నల్_విద్యార్థి:
లినక్స్ కెర్నల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఎక్స్‌హెచ్‌సీఐ డీబగ్ కన్సోల్ డ్రైవర్‌కు, అంటే యూఎస్‌బీ 3 కంట్రోలర్ ద్వారా కెర్నల్ సందేశాలను మరో యంత్రానికి పంపే కోడ్‌కు, చిన్న సవరణ రాశాను. నా ల్యాప్‌టాప్‌కు సీరియల్ పోర్టు లేదు, డీబగ్ కేబులూ లేదు. వర్చువల్ మెషీన్‌లో కెర్నల్ చక్కగా బూట్ అయింది. ఇక సవరణను కెర్నల్ నిర్వాహకులకు పంపించవచ్చా?

బిల్డ్_బల్ల:
పంపండి. కేబుల్, రెండో యంత్రం ఉన్నవారే కోడ్ రాయాలంటే విద్యార్థులు ఈ పనిలోకి ఎలా వస్తారు? ఏం పరీక్షించారో, ఏం పరీక్షించలేదో వివరణలో నిజాయతీగా రాస్తే చాలు.

సీరియల్_తీగ:
నిజాయతీ మాట ఒప్పుకుంటాను. నా పేచీ "చాలు" అన్నదానితోనే. వేరే డ్రైవర్‌లో తప్పు ఉంటే కన్సోల్ చెబుతుంది. కన్సోల్‌లోనే తప్పు ఉంటే చెప్పేదెవరు? కెర్నల్ పడిపోయిందా, సందేశమే బయటికి రాలేదా తేల్చుకోలేక నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. కెర్నల్ కూలిపోతూ ఇచ్చే పానిక్ సందేశమే దాని మరణవాంగ్మూలం. అది వినిపించకపోతే ఈ డ్రైవర్ ఉండీ ప్రయోజనం లేదు.

విద్యార్థి గారూ, బూట్ అయిందన్నారు సరే, మీరు మార్చిన కోడ్ ఒక్కసారైనా నడిచిందా? కంట్రోలర్‌లో డీబీసీ, అంటే డీబగ్ సామర్థ్యం, కనిపించకపోతే డ్రైవర్ అక్కడికక్కడే వెనుదిరుగుతుంది. బూట్ మాత్రం హాయిగా పూర్తవుతుంది.

2017లో 4.12 కెర్నల్‌తో వచ్చిన ఎర్లీప్రింట్‌కే=ఎక్స్‌డీబీసీ సదుపాయాన్నే తీసుకోండి; ఈ కన్సోల్‌ను బూట్ మొదట్లోనే తెరిచే ఆప్షన్ అది. బూట్ తొలి క్షణాల్లో కన్సోల్ పలుకుతుంది. కాసేపటికి అసలు యూఎస్‌బీ డ్రైవర్ వచ్చి కంట్రోలర్‌ను రీసెట్ చేస్తుంది, దాంతో డీబీసీ కూడా రీసెట్ అవుతుంది. అక్కడ తేరుకుని మళ్లీ మాట్లాడుతుందా అన్నదే మొదటి పరీక్ష. విద్యుత్ ఆదా కూడా చిక్కే: ఖాళీగా ఉన్న పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ను ఆపేయమని కెర్నల్ పత్రాలే సలహా ఇస్తాయి. సందేశాలు వస్తుండగా కేబుల్ లాగేయండి. అవతలి యంత్రంలో చదివేవారు లేకుండా వదిలేసి, డ్రైవర్ ఎదురుచూస్తూ మొత్తం యంత్రాన్ని ఆపేస్తుందేమో చూడండి. చివరగా, కెర్నల్‌కు అత్యవసర ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైలుకు 'సి' అక్షరం రాసి కెర్నల్‌ను కావాలనే కూల్చండి. ఆఖరి వరుస దాకా అవతలికి చేరితేనే డ్రైవర్ పనిచేసినట్టు.

ఒక జాగ్రత్త: రెండు యంత్రాలకూ రెండు చివరలా టైప్-ఏ ప్లగ్ ఉండే మామూలు ఏ-టు-ఏ కేబుల్ కలపకండి. రెండువైపుల నుంచీ 5 వోల్టులు ఎదురెదురుగా వస్తే పోర్టులు పాడయ్యే ప్రమాదం ఉంది. విద్యుత్ తీగ లేని డీబగ్ కేబులే వాడాలి.

బిల్డ్_బల్ల:
ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ ఆ భారమంతా రాసినవారి మీదే ఎందుకు? శీర్షికలో ఆర్ఎఫ్‌టీ అని పెట్టి, పరీక్షించమని కోరుతూ పంపే పద్ధతి ఉంది కదా.

సీరియల్_తీగ:
అలా పంపితే నాకు అభ్యంతరం లేదు. పరీక్షకు ముందే విలీనం చేయమని అడగడమే తప్పంటున్నాను.

కెర్నల్_విద్యార్థి:
లాగ్ మళ్లీ చూశాను. ఎక్స్‌డీబీసీ పేరుతో ఒక్క వరుసా లేదు. నా కోడ్ అసలు నడవనే లేదు.

సీరియల్_తీగ:
కేబుల్ నా దగ్గర ఉంది. సవరణ ఇక్కడ పెట్టండి, శనివారం నడిపి లాగ్ మొత్తం ఇస్తాను.